చొక్కా, బడి, గోనెపట్టా, చాక్లెట్ బొమ్మ: ఆఫ్రికా కళ సమాజాన్ని మారుస్తోందన్న మాటలో ఎంత ఉంది?

ప్రపంచ కళారంగ వార్తల్లో కొన్నేళ్లుగా ఆఫ్రికా పేర్లు తరచుగా వినిపిస్తున్నాయి. ఘానాలో పుట్టి నైజీరియాలో దశాబ్దాల పాటు పనిచేసిన శిల్పి ఎల్ అనాట్సూయికి 2015లో, ఇటలీలో రెండేళ్లకోసారి జరిగే అంతర్జాతీయ కళా ప్రదర్శన వెనిస్ బియెనాలే జీవిత సాఫల్య పురస్కారం దక్కింది. 2022లో బుర్కినా ఫాసోకు చెందిన ఫ్రాన్సిస్ కేరే, భవన నిర్మాణ కళలో అత్యున్నతంగా భావించే ప్రిట్జ్‌కర్ బహుమతిని అందుకున్న తొలి ఆఫ్రికన్ అయ్యారు. 2024 వెనిస్ బియెనాలేలో నెదర్లాండ్స్ తన జాతీయ మంటపంలో కాంగో తోట కూలీల సంఘం చేసిన శిల్పాలను ప్రదర్శించింది. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ దాని వెంట ఒక వాక్యం కూడా వస్తుంది: ఈ కళ సమాజాన్ని మారుస్తోంది అని.

ఆ వాక్యాన్ని పూర్తిగా నమ్మేవాళ్లున్నారు, పూర్తిగా కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ ఒక ప్రశ్నను దాటేస్తున్నారని నాకనిపిస్తుంది. ఫలానా బొమ్మ, ఫలానా కట్టడం, ఫలానా వస్త్రం సరిగ్గా ఏ పని చేసింది? ఆ పని ఎక్కడ ఆగిపోయి, చట్టమో మందో డబ్బో అందుకోవలసి వచ్చింది? నాలుగైదు నిజమైన ఉదాహరణలను దగ్గరగా చూస్తే ఈ చిక్కు కొంతవరకు విడుతుంది.

ముందుగా మాటల అర్థాలు

"ఆఫ్రికా కళ" అనడంలోనే మొదటి గందరగోళం ఉంది. ఆఫ్రికాలో 54 దేశాలున్నాయి. సెనెగల్ రాజధాని డాకర్‌లో వీధిగోడ మీద బొమ్మ వేసే యువకుడికీ, జొహానెస్‌బర్గ్‌లో ఫొటోలు తీసే కళాకారిణికీ ఉమ్మడి శైలి ఏదీ లేదు. ఉమ్మడిగా ఉన్నది చాలావరకు చరిత్రే: వలస పాలన, దాని నుంచి విముక్తి, ఆ తరవాత కూడా ముడిసరుకు ఎగుమతి మీదే ఆధారపడిన ఆర్థిక వ్యవస్థ. "సమకాలీన" అన్న మాటను స్థూలంగా ఈ స్వాతంత్ర్య కాలం నుంచి నేటివరకు వస్తున్న కళకు వాడుతున్నారు. 1960 ఒక్క ఏడాదిలోనే 17 ఆఫ్రికా దేశాలు స్వతంత్రమయ్యాయి.

కళతో సమాజాన్ని తీర్చిదిద్దవచ్చన్న ఆలోచన నేటి స్వచ్ఛంద సంస్థలు కనిపెట్టినది కాదు. సెనెగల్ తొలి అధ్యక్షుడు, స్వయంగా కవి అయిన లెయొపోల్ సెంగోర్ 1966లో డాకర్‌లో ప్రపంచ నల్లజాతి కళల తొలి ఉత్సవాన్ని జరిపించారు. ఆనాడు ఆ పూనిక ప్రభుత్వానిది. 1980లలో అప్పుల భారం కింద ప్రభుత్వాలు ఖర్చులు తగ్గించుకున్నాక, ఆ చోటులోకి విదేశీ నిధులు, గ్యాలరీలు, కళాకారుల సొంత సంఘాలు వచ్చి చేరాయి. 1988 ఎన్నికల గొడవల తరవాత అదే డాకర్‌లో, చెత్త పేరుకుపోయిన వీధులను యువకులే శుభ్రం చేసి గోడల నిండా బొమ్మలు వేసిన సెట్-సెతాల్ ఉద్యమం ఆ సంధికాలానిదే.

ఇక డిజైన్. అందరూ అనుకున్నట్టు అది పైపై అలంకారం కాదు. ఒక అవసరాన్ని గుర్తించి, దొరికే వస్తువులతో, ఉన్న డబ్బులో, అందుబాటులో ఉన్న మనుషులతో దానికి ఒక రూపం ఇవ్వడం డిజైన్. చొక్కా మీద అక్షరాలు ఎంత పెద్దవిగా ఉండాలన్నది డిజైన్ ప్రశ్నే; తరగతి గది కప్పు గోడకు ఎంత పైన ఉండాలన్నదీ డిజైన్ ప్రశ్నే.

"సామాజిక మార్పు" అన్నప్పుడు కనీసం నాలుగు వేర్వేరు సంగతులు కలిసిపోతుంటాయి. ఒక మనిషి మనసులోని భయమో ఏవగింపో తగ్గడం ఒకటి. పదిమంది నడుచుకునే తీరు మారడం వేరు. చట్టం, ప్రభుత్వ విధానం మారడం ఇంకా వేరు. భూమి, డబ్బు, యాజమాన్యం చేతులు మారడం అన్నిటికన్నా కష్టమైనది. మొదటి రెండింటిలో కళ సాధించినదాన్ని చూపించి చివరి రెండూ సాధించినట్టు చెప్పుకోవడం వల్లే ఈ చర్చలో సగం అపార్థాలు పుడుతున్నాయి.

రెండు మాటలున్న చొక్కా

1998 డిసెంబరులో దక్షిణాఫ్రికాలోని డర్బన్ దగ్గర క్వామాషులో గుగు డ్లమీనీ అనే మహిళ తనకు హెచ్‌ఐవీ ఉందని బహిరంగంగా చెప్పిన కొద్ది రోజులకే దాడికి గురై మరణించింది. అదే నెల 10న కేప్‌టౌన్‌లో ట్రీట్‌మెంట్ యాక్షన్ కాంపెయిన్ అనే ఉద్యమం మొదలైంది. చికిత్స అందరికీ అందాలన్నది దాని డిమాండ్. ఆ ఉద్యమానికి గుర్తుగా నిలిచినది ఒక టీషర్టు. దాని మీద రొమ్ముకు అడ్డంగా, దూరం నుంచి చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో "హెచ్‌ఐవీ పాజిటివ్" అని ఉంటుంది.

ఆ చొక్కా ఎలా పనిచేసిందో కొంచెం నిదానంగా చూడాలి. అప్పటికే ప్రపంచమంతటా తెలిసిన ఎర్ర రిబ్బను రోగుల పట్ల సానుభూతిని తెలుపుతుంది. దాన్ని పెట్టుకున్న మనిషి వేరు, రోగి వేరు. ఈ చొక్కా ఆ ఎడాన్ని తీసేసింది. పరీక్ష ఫలితంగా చీటీ మీద రాసి ఎవరికీ తెలియకుండా చేతిలో పెట్టే మాటను తెచ్చి నడివీధిలో ఒంటి మీద వేసింది. అయితే దాన్ని వైరస్ ఉన్నవాళ్లతో పాటు లేనివాళ్లు కూడా వేసుకున్నారు. వందమంది అదే చొక్కాతో ఊరేగింపులో నడుస్తుంటే వాళ్లలో ఎవరికి వైరస్ ఉందో చూసేవాడు తేల్చుకోలేడు. రాయి విసరాలనుకున్నవాడికి గురి దొరకదు. ఒంటరిగా చెప్పినందుకు ఒక మనిషి ప్రాణం పోయిన దేశంలో, అదే మాటను గుంపుగా చెప్పే వీలును ఆ చొక్కా కల్పించింది. 2002 డిసెంబరులో నెల్సన్ మండేలా కేప్‌టౌన్ శివారు ఖయేలిత్షాలోని క్లినిక్‌కు వెళ్లి, అక్కడ ఆ చొక్కా వేసుకున్నారు.

ఇక్కడే జాగ్రత్త అవసరం. 2002 జూలైలో దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం, తల్లి నుంచి బిడ్డకు వైరస్ సోకకుండా నివారించే నెవిరాపిన్ మందును ప్రభుత్వ ఆసుపత్రుల్లో అందుబాటులో ఉంచాలని తీర్పు చెప్పింది. ఆ తీర్పును గెలిచినది న్యాయవాదులు, వైద్యులు, సాక్ష్యాలు. 2003 నవంబరులో చికిత్స పథకానికి మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఎయిడ్స్‌కు హెచ్‌ఐవీయే కారణమా అని అధ్యక్షుడు థాబో ఎంబెకి సందేహాలు లేవనెత్తిన ఆ సంవత్సరాల్లో, చికిత్స ఆలస్యం కావడం వల్ల 3,30,000 మందికి పైగా చనిపోయారని హార్వర్డ్ పరిశోధకులు 2008లో అంచనా వేశారు. చొక్కా ఒక్కటే సరిపోయి ఉంటే ఇంతమంది పోయేవారు కాదు.

మందుల ధర సంగతి చూస్తే ఈ కథ మన దాకా వస్తుంది. ఒక రోగికి ఏడాదికి 10,000 డాలర్లకు పైగా ఖర్చయ్యే మూడు మందుల చికిత్సను 2001 ఫిబ్రవరిలో ముంబయికి చెందిన సిప్లా 350 డాలర్లకు ఇవ్వజూపింది. తరవాతి ఏళ్లలో హైదరాబాద్ కంపెనీలైన అరబిందో, హెటిరో కూడా ఆఫ్రికా దేశాలకు ఈ మందులు సరఫరా చేసే పెద్ద తయారీదారుల్లో చేరాయి. చొక్కా తెచ్చిన ధైర్యం, కోర్టు ఇచ్చిన హక్కు, కర్మాగారం తగ్గించిన ధర కలిసినప్పుడే మాత్ర రోగి చేతికి చేరింది. వీటిలో ఏ ఒక్కటి తీసేసినా మిగిలినవి కుంటుపడేవి.

సూదీదారంతో ఒక ఊరి మరణాలు

అదే దేశంలో ఈస్టర్న్ కేప్ తీరాన కేయిస్కమ్మా నది సముద్రంలో కలిసే చోట హాంబర్గ్ అనే చిన్న ఊరు ఉంది. వైద్యురాలు, చిత్రకారిణి అయిన క్యారల్ హోఫ్‌మెయర్ 2000లో అక్కడికి చేరి, స్థానిక మహిళలతో కుట్టుపని కేంద్రం మొదలుపెట్టారు. ఉద్దేశం ఆదాయం. కానీ ఆ మహిళల ఇళ్లలో ఒకరి తరవాత ఒకరు ఎయిడ్స్‌తో చనిపోతుండగా కుట్టుపని దిశ మారింది. 2005లో వందమందికి పైగా కలిసి "కేయిస్కమ్మా ఆల్టర్‌పీస్" (ఆల్టర్‌పీస్ అంటే చర్చిలో బలిపీఠం దగ్గర నిలిపే చిత్రం) పూర్తి చేశారు. ఎంబ్రాయిడరీ, పూసలు, తీగపని, ఫొటోలు కలిసిన ఈ పని తలుపుల్లా తెరుచుకుంటుంది. ఎత్తు సుమారు 4 మీటర్లు.

దానికి నమూనా ఐరోపాలో 16వ శతాబ్దం మొదట్లో గ్రూనెవాల్ట్ చిత్రించిన ఇసెన్‌హైమ్ బలిపీఠ చిత్రం. ఆ ఎంపిక యాదృచ్ఛికం కాదు. ఆ పాత చిత్రాన్ని వేసినది, బూజు పట్టిన ధాన్యం తిని భయంకరమైన చర్మవ్యాధికి గురైనవారిని చూసుకునే మఠం ఆసుపత్రి కోసం. శిలువ మీది క్రీస్తు ఒంటి నిండా పుండ్లుంటాయి. రోగులు తమ బాధను ఆయన ఒంటి మీద చూసుకున్నారు. హాంబర్గ్ మహిళలు శిలువ స్థానంలో శోకవస్త్రాల్లో ఉన్న వితంతువును కుట్టారు. సాధువులు ఉండవలసిన చోట తమ ఊరి వృద్ధురాళ్లను నిలబెట్టారు. కింది పట్టీలో ఊళ్లో జరిగిన అంత్యక్రియలు కనిపిస్తాయి. అన్నిటికన్నా లోపలి తలుపులు తెరిస్తే ముగ్గురు అమ్మమ్మలు, వాళ్ల పక్కన మనవలు, నిలువెత్తు ఫొటోల్లో ఎదురవుతారు. మధ్యతరం ఆ ఫొటోల్లో లేదు. దేశం చర్చించడానికి తడబడుతున్న సంగతిని, ఎవరిని పోగొట్టుకున్నారో పేరు పెట్టి చెప్పకుండానే, ఆ ఖాళీ చెబుతుంది.

2006లో టొరంటోలో అంతర్జాతీయ ఎయిడ్స్ మహాసభ జరిగినప్పుడు దీన్ని అక్కడి కెథెడ్రల్‌లో ప్రదర్శించారు. ఊళ్లో అదే సంస్థ చికిత్సా కేంద్రాన్ని కూడా నడిపింది. ఈ రెండో సంగతిని మరచిపోకూడదు: కుట్టుపని కేంద్రానికి వచ్చే మహిళ జబ్బు గురించి మాట్లాడగలిగిన చోటే మందు దారి కూడా దొరికింది. విమర్శకులు ఎత్తే ప్రశ్న కూడా న్యాయమైనదే. ఆలోచన చదువుకున్న తెల్లజాతి వైద్యురాలిది, చేతులు పేద నల్లజాతి మహిళలవి అయినప్పుడు కర్త ఎవరు? సమర్థకులు పనిని సమష్టి పేరుతోనే ప్రదర్శించారనీ, ఎవరి ముఖం, ఎవరి కథ అందులోకి రావాలన్నది ఆ మహిళల అనుభవమే నిర్ణయించిందనీ జవాబిస్తారు. రెండు మాటలూ ఏకకాలంలో నిజం కావచ్చు.

గాండో బడి: కప్పును పైకెత్తడంలోని లెక్క

బుర్కినా ఫాసోలోని గాండో గ్రామపెద్ద కొడుకు ఫ్రాన్సిస్ కేరే. ఊళ్లో బడి లేనందున ఏడేళ్ల వయసులోనే ఇల్లు వదిలి వెళ్లి చదువుకున్నారు. బెర్లిన్‌లో ఇంకా విద్యార్థిగా ఉండగానే 1998లో స్నేహితులతో కలిసి నిధుల సేకరణకు ఒక సంఘం పెట్టి, 2001లో తన ఊరికి ప్రాథమిక పాఠశాల కట్టించారు. 2004లో దానికి ఆగా ఖాన్ వాస్తుశిల్ప పురస్కారం వచ్చింది.

ఆ ప్రాంతంలో మామూలు బడి అంటే సిమెంటు గోడలు, వాటి మీద నేరుగా పరిచిన రేకులు. ఎండకు రేకు కాలి వేడిని సూటిగా పిల్లల తలల మీదికి వదులుతుంది. రేకుల ఇంట్లో వేసవి మధ్యాహ్నం గడిపినవారికి ఇది వివరించనక్కర్లేదు. కేరే గోడలకు కొద్దిగా సిమెంటు కలిపి అచ్చులో నొక్కిన మట్టి ఇటుకలు వాడారు. గది మీద గాలి దూరే సందులతో ఇటుకల లోకప్పు వేశారు. రేకుల కప్పును దానికి తగలకుండా, ఇనుప చువ్వలతో చేసిన చట్రం మీద పైకెత్తారు. ఇప్పుడు జరిగేది ఇది: గదిలోని వేడిగాలి పైకి లేచి లోకప్పు సందుల్లోంచి బయటికి పోతుంది, రెండు కప్పుల మధ్య ఖాళీలో వీచే గాలి రేకు వేడిని తోసుకుపోతుంది, గోడల్ని దాటి ముందుకొచ్చిన రేకుల చూరు మట్టి గోడలను వాన నుంచి కాపాడుతుంది. మట్టికున్న బలహీనత, రేకుకున్న బలహీనత, రెండింటికీ ఒకే నిర్ణయంలో పరిష్కారం దొరికింది. కరెంటు అక్కర్లేదు. చట్రానికి భారీ దూలాలు కాకుండా మామూలు చువ్వలు ఎంచుకోవడానికి కారణం, క్రేను లేని ఊళ్లో వాటిని మనుషులు మోయగలగడం, చిన్న వెల్డింగ్ యంత్రంతో అక్కడికక్కడే అతకగలగడం.

ఊరివాళ్లు మొదట ఒప్పుకోలేదు. ఐరోపాలో చదివి వచ్చినవాడు తమకు మళ్లీ మట్టి ఇల్లే చూపిస్తున్నాడేమిటని అడిగారు. ఆ అనుమానం మనకు కొత్తది కాదు. పెంకుటిల్లు, పూరిల్లు పేదరికానికి, స్లాబు ఇల్లు గౌరవానికి గుర్తులైన సమాజంలో మట్టిని మెచ్చుకోవడం బయటివాళ్లకే సులువు. వాళ్లను ఒప్పించినది ఉపన్యాసాలు కావు, కట్టే పనిలో పాలు పంచుకోవడం. పిల్లలు రాళ్లు మోసుకొచ్చారు. నేలను గట్టిపరచడానికి మగవాళ్లు నిలబడి దిమ్మిసలతో గంటల తరబడి కొడితే, ఆ తరవాత ఆడవాళ్లు వంగి నీళ్లు చిలకరిస్తూ కొట్టి, చివరికి నున్నటి రాయితో రుద్ది మెరుగు పెట్టారు. ఆ ఊరికి తెలిసిన విద్యే అది. 120 మందితో మొదలైన బడి తరవాతి విస్తరణలతో 700 మందికి చేరింది. ఇటుక అచ్చు, వెల్డింగ్ నేర్చుకున్న యువకులకు వేరే చోట్ల కూడా పని దొరికింది.

ఇది డిజైన్ విజయమే. అయినా దాని హద్దు కూడా కళ్లెదుటే ఉంది. 2015 తరవాత బుర్కినా ఫాసోలో సాయుధ జిహాదీ ముఠాల దాడులు పెరిగి దేశవ్యాప్తంగా వేల బడులు మూతపడ్డాయి. మంచి కప్పు పిల్లవాడిని ఎండ నుంచి కాపాడగలదు. రోడ్డు మీద భద్రతను అది ఇవ్వలేదు.

గోనెపట్టాల వెనుక డబ్బు దారి

ఘానా ఉత్తర భాగంలోని టమాలేలో 1987లో పుట్టిన ఇబ్రహీం మహామా, వాడి పారేసిన గోనెసంచులను కుట్టి భవనాలకు భవనాలే కప్పేస్తారు. ఆ సంచులు దక్షిణాసియాలో తయారై, కోకో గింజల ఎగుమతి కోసం ఘానా చేరతాయి. కోకో మోశాక బొగ్గుకో, ధాన్యానికో వాడతారు. చేతులు మారిన ప్రతిచోటా ఒక ముద్రో, మరకో, అతుకో మిగులుతుంది. మహామా కొత్త సంచులిచ్చి పాతవి మార్చుకుంటారు. వాటిని కుట్టేవారిలో పనికోసం నగరాలకు వలస వచ్చినవారు ఎక్కువ. 2015లో వెనిస్‌లో, 2017లో జర్మనీకి చెందిన డాక్యుమెంటా అనే పెద్ద కళా ప్రదర్శనలో కోకో సంపదను అనుభవించిన ఖండపు గోడల మీద ఆ సంపదను మోసిన సంచులు వేలాడాయి.

చూపరికి అది ఒక ఆలోచన మాత్రమే ఇస్తుంది. అసలు విశేషం దాని తరవాతిది. అమ్మకాల నుంచి వచ్చిన డబ్బుతో మహామా 2019లో టమాలేలో సమకాలీన కళా కేంద్రాన్ని స్థాపించారు, ఆ తరవాత రెడ్ క్లే అనే విశాలమైన ఆవరణను నిర్మించారు. పనికిరాని పాత విమానాలను కొని తెచ్చి తరగతి గదులుగా మార్చారు. ఘానా తొలి అధ్యక్షుడు క్వామే ఎంక్రుమా ప్రభుత్వ కాలంలో మొదలై 1966 సైనిక తిరుగుబాటు తరవాత వదిలేసిన ధాన్యపు గోదాము ఒకటి కొని, దాన్నీ ప్రజల ప్రవేశానికి తెరిచారు. రాజధాని అక్రాకు దూరంగా ఉన్న ఉత్తరాది పిల్లలు టిక్కెట్టు లేకుండా వచ్చి చూసే చోటు అది.

లుసాంగా: సబ్బు, చాక్లెట్, భూమి

అన్నిటికన్నా చిక్కైన ఉదాహరణ కాంగో ప్రజాస్వామ్య రిపబ్లిక్‌లోని లుసాంగా. ఏలూరు, ఖమ్మం జిల్లాల రైతులు ఇప్పుడు పెంచుతున్న ఆయిల్‌పామ్ చెట్టు పుట్టిల్లు పశ్చిమ, మధ్య ఆఫ్రికా. సన్‌లైట్ సబ్బుకు కావలసిన పామాయిల్ కోసం బ్రిటిష్ వ్యాపారి విలియం లీవర్ 1911లో బెల్జియన్ కాంగోలో విస్తారమైన భూములపై హక్కులు పొందారు. లుసాంగాకు లెవర్‌విల్ అని పేరు పెట్టారు. బలవంతపు చాకిరీ, పన్నుల ఒత్తిడి మధ్య 1931లో పెండే ప్రజలు తిరగబడ్డారు. మాక్సిమిలియెన్ బాలో అనే బెల్జియన్ అధికారిని చంపారు. ప్రతీకారంగా వలస సైన్యం వందలమంది పెండేలను చంపింది. తరవాత కాలంలో నేల సారం పోయి, కంపెనీ ఆ ప్రాంతాన్ని వదిలి వెళ్లిపోయింది.

లీవర్ వ్యాపారం నుంచి పుట్టిన యూనిలీవర్ 2000 నుంచి 2012 వరకు లండన్ టేట్ మోడర్న్ మ్యూజియంలోని మహాశాలలో ఏటా జరిగే ప్రదర్శనలకు డబ్బిచ్చింది. డచ్ కళాకారుడు రెంజో మార్టెన్స్ ఎత్తిన ప్రశ్న ఇక్కడి నుంచే వచ్చింది: తోటల లాభం నగరాల మ్యూజియాలను పోషిస్తున్నప్పుడు, ఆ మ్యూజియాల్లో అన్యాయాన్ని విమర్శించే కళ కూడా చివరికి ఆ నగరాలకే మేలు చేస్తుంది కదా? 2014లో కాంగో పర్యావరణవేత్త రెనే ఎన్గోంగో అధ్యక్షుడుగా లుసాంగాలో తోట కూలీల కళా సంఘం ఏర్పడింది. సభ్యులు నది బంకమట్టితో బొమ్మలు చేస్తారు. వాటిని కంప్యూటర్‌తో త్రిమితీయంగా కొలిచి, ఆమ్‌స్టర్‌డామ్‌లో కోకో, పామ్ కొవ్వు కలిపి పోతపోస్తారు. తాము పండించి, రుచి చూడలేకపోయిన సరుకుతోనే వాళ్ల ముఖాలు తిరిగి ప్రపంచానికి చేరతాయి. 2017లో న్యూయార్క్‌లో వాటి ప్రదర్శన జరిగింది. అదే ఏడాది లుసాంగాలో తెల్లటి మ్యూజియం భవనం వెలిసింది.

ఇక్కడ డబ్బు ఎలా నడుస్తుందో ఒక ఊహాలెక్కతో చూద్దాం. ఒక శిల్పం 10,000 యూరోలకు అమ్ముడైందనుకుందాం. కళామార్కెట్‌లో గ్యాలరీ సగం తీసుకోవడం మామూలు. మిగిలిన 5,000లో పోత, రవాణా ఖర్చులకు 1,500 పోతే 3,500 మిగులుతుంది. ఆ మొత్తం శిల్పి ఇంటికి వెళ్తే ఒక కుటుంబం కోలుకుంటుంది, ఊరు అలాగే ఉంటుంది. సంఘం ఖాతాలోకి వెళ్లి భూమిగా మారితే ఎన్నో కుటుంబాలు తమ నేల మీద తాము పంట వేసుకుంటాయి. బొమ్మ అదే, ధర అదే, దాన్ని చూసి గ్యాలరీలో కలిగిన అనుభూతీ అదే. తేడా అంతా మిగులు ఎవరికి చెందాలని ముందే రాసుకున్న నియమంలో ఉంది. లుసాంగా సంఘం రెండో దారి ఎంచుకుంది. ఒకప్పటి తోటల భూమిలో సుమారు 200 హెక్టార్లు కొని, ఆహార పంటలు, చెట్లు కలిపి పెంచుతోంది. కళ నాలుగో రకం మార్పును, అంటే యాజమాన్యం చేతులు మారడాన్ని, నేరుగా తాకిన అరుదైన ఉదాహరణల్లో ఇది ఒకటని నా అభిప్రాయం.

అయినా అభ్యంతరాలు బలమైనవే. ప్రారంభించినది ఐరోపా కళాకారుడు, అచ్చు పోసేది ఐరోపాలో, కొనేది ఐరోపా, అమెరికా సంపన్నులు. తోట పోయినా దాని మ్యాపు అలాగే ఉందని కొందరంటారు. కూలీల పేదరికమే సరుకుకు విలువ తెస్తోందన్న ఇబ్బంది కూడా ఉంది. సంఘ సభ్యుల జవాబు సూటిగా ఉంటుంది: భూమి ఐరోపాలో లేదు, లుసాంగాలో ఉంది.

పోటీ పడుతున్న వాదనలు

ఈ ఉదాహరణల చుట్టూ మూడు ఆలోచనా ధోరణులు తిరుగుతుంటాయి. మొదటిది, కళకు సామాజిక ప్రయోజనం అంటగట్టడమే తప్పంటుంది. ఈ వాదనకు ఆఫ్రికాలో ప్రత్యేకమైన బలం ఉంది. ఆరోగ్యం, వాతావరణం, స్త్రీల హక్కులు అంటూ నిధులిచ్చే సంస్థలు అంశాలు ప్రకటిస్తే, కళాకారులు వాటికి సరిపోయేలా దరఖాస్తులు రాయవలసి వస్తుంది. పారిస్ చిత్రకారుడు ప్రేమ గురించో రంగు గురించో బొమ్మ వేస్తే ఎవరూ కారణం అడగరు. ఆఫ్రికా చిత్రకారుడిని మాత్రం నీ దేశ సమస్య ఏదని అడుగుతారు. ఇది మరో రకం వివక్ష.

రెండో ధోరణి దీనికి ఎదురుగా నిలుస్తుంది. బడి లేని ఊళ్లో, మందు లేని ఆసుపత్రి పక్కన, ఫలితం లేని కళ విలాసమంటుంది. గాండో ఊరివాళ్లు అడిగినది అందం కాదు, తరగతి గది. కానీ వాళ్లు ఒప్పుకున్న తరగతి గదిలో అందం కూడా ఉండడం ఈ వాదనను కొంత మెత్తబరుస్తుంది.

మూడోది కళ స్వభావాన్ని వదిలి దాని మార్కెట్‌ను చూడమంటుంది. ఎవరు అమ్ముతున్నారు, ఎవరు కొంటున్నారు, ప్రదర్శనశాల ఎక్కడుంది, మిగులు ఎటు వెళ్తోంది అన్నవే అసలు ప్రశ్నలంటుంది. నేను ఎక్కువగా మొగ్గేది ఇటే. అయితే ఈ లెక్కలో పట్టనివి కూడా ఉన్నాయని ఒప్పుకోవాలి. 2015 ఏప్రిల్ 9న కేప్‌టౌన్ యూనివర్సిటీలో బ్రిటిష్ వలస పాలకుడు సెసిల్ రోడ్స్ విగ్రహాన్ని క్రేనుతో తొలగిస్తున్నప్పుడు, సెథెంబిలే ఎంసెజానే అనే కళాకారిణి చేతులకు రెక్కలు తగిలించుకుని పీఠం మీద గంటల తరబడి నిలబడింది. విగ్రహాన్ని దింపినది నెల రోజుల విద్యార్థుల పోరాటం, ఆమె రెక్కలు కావు. అమ్మకం లేదు, మిగులు లేదు. అయినా ఆ రోజు ఫొటోల్లో దిగిపోతున్న విగ్రహం ముందు పైకి లేచిన రెక్కలు కనిపిస్తాయి. ఆ ఘటనను తలుచుకునే చాలామంది ఆ ఫొటో ద్వారానే తలుచుకుంటారు.

లెక్కకు అందేవి, అందనివి

నిధులిచ్చేవారు ఫలితాన్ని అంకెల్లో అడగడం సహజమే. 120 నుంచి 700కు పెరిగిన విద్యార్థులు, 200 హెక్టార్ల భూమి లెక్కకు అందుతాయి. చొక్కా వల్ల ఎంతమంది పరీక్ష చేయించుకునే ధైర్యం తెచ్చుకున్నారో అంత తేలిగ్గా విడదీసి చెప్పలేం, ఎందుకంటే అదే కాలంలో తీర్పు వచ్చింది, ధర తగ్గింది, మండేలా మాట్లాడారు. లెక్కకు అందనిదంతా అబద్ధమనడం ఎంత తప్పో, లెక్కకు అందదు కాబట్టి ఏదైనా చెప్పుకోవచ్చనడం కూడా అంతే తప్పు.

వస్తువు ఎవరిదన్న తగువు కూడా ఇంకా తీరలేదు. 1931 తిరుగుబాటులో చనిపోయిన బాలో ఆత్మను కట్టడి చేయడానికి పెండేలు చెక్కిన కొయ్యబొమ్మ ఇప్పుడు అమెరికాలోని వర్జీనియా లలితకళల మ్యూజియం సొత్తు. దాన్ని రప్పించే ప్రయత్నంలో లుసాంగా సంఘం 2022లో ఆ బొమ్మ చిత్రాలతో డిజిటల్ ప్రతులు తయారుచేసి అమ్మకానికి పెట్టింది. భూమి కొనడానికే ఆ డబ్బని చెప్పింది. మ్యూజియం అభ్యంతరం తెలిపింది. 2024లో వెనిస్ ప్రదర్శన సాగిన నెలల్లో అసలు బొమ్మ లుసాంగా చేరింది, మ్యూజియం ఇచ్చిన అరువు మీద. యాజమాన్య పత్రాల్లో పేరు మాత్రం మారలేదు.